నల్లా దగ్గర అనూహ్య

లంచ్ బెల్ కొట్టారు. రేకుల షెడ్డు కింద ఆరో తరగతి ఆడపిల్లలంతా ఒక పక్క, మగపిల్లలంతా ఒక పక్క కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పారు. రవళి డబ్బాలో సర్వపిండి రొట్టె ఉంది. నువ్వుల వాసన కమ్మగా వస్తోంది. రవళి ఒక పెద్ద ముక్క విరిచి పక్కనే కూర్చున్న అనూహ్య చేతిలో పెట్టింది.

అనూహ్య ఆ ముక్కను చూసింది. తన వేళ్లను చూసుకుంది. ముక్కను మెల్లగా మూత మీద పెట్టి లేచి నిలబడింది.

"యాడికే?" అంది రవళి.

"జెర చేతులు కడుక్కొస్త."

"ఇప్పుడే గదా కడుక్కొచ్చినవ్?"

అనూహ్య అప్పటికే నల్లా వైపు నడుస్తోంది.

అటు పక్క నుంచి వెంకట సాయి పకపకా నవ్వాడు. వాడి నోటికి ఎప్పుడూ అదుపు ఉండదు. "ఎందుకో ఎరుకేనా రవళీ? నువ్వు ముట్టుకున్నవని! మీ నాయిన కంపెనీ వాసన నీకు గూడ వస్తది గదా!"

చుట్టూ అందరూ నవ్వారు.

"పోరా, నీ మొకం!" అంది రవళి. అంది గానీ, ఎవరూ చూడకుండా తల వంచి తన చొక్కా చేతిని వాసన చూసుకుంది. సబ్బు వాసనే వచ్చింది. అయినా నమ్మకం కుదరలేదు.

రవళి వాళ్లది బడి ఉన్న ఊరే, ఇస్నాపూర్. వాళ్ల తాత దున్నిన పొలంలో ఇప్పుడు కిరాయి గదులు లేచాయి. నాన్న శ్రీశైలం ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు ఎత్తే పని చేస్తాడు. డ్యూటీ నుంచి వస్తే ఆయన ముందు గుమ్మంలోంచి లోపలికి రాడు. ఇంటి వెనక నుంచి తిరిగి వచ్చి, నీళ్ల తొట్టి దగ్గర తలకు పోసుకుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను దగ్గరికి తీసుకుంటాడు. ఆయన యూనిఫాంకు వేరే బకెట్, వేరే దండెం. ఎంత ఉతికినా ఆ బట్టల్లో ఒక వాసన ఉండిపోతుంది, వెల్లుల్లిని కిరోసిన్‌లో ఉడకబెట్టినట్టు. "నాయిన డ్యూటీ బట్టలు ముట్టొద్దు బిడ్డా" అని అమ్మ పుష్ప ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది.

చిన్నప్పుడు రవళికి అదేమీ వింతగా అనిపించలేదు. ఆ వాడలో సగం ఇళ్లలో అంతే. ఈ స్కూల్లో చేరాకే సిగ్గు మొదలైంది. పొద్దున నాన్న బండి మీద దింపడానికి వస్తే, స్కూలు ఇంకా కనబడక ముందే, మలుపు దగ్గరే "ఈడ దిగుత నాయినా, ఫ్రెండ్స్ ఉన్నరు" అని దూకేసేది. అక్కడ ఫ్రెండ్స్ ఎవరూ ఉండేవారు కాదు.

అనూహ్యది వేరే సంగతి. చౌరస్తాలో కిరాణా షాపు నడిపే కాశీనాథ్ సేటు కూతురు. ఇద్దరూ ఒకే బెంచీ. పోయిన ఏడంతా ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తిన్నారు. దసరా సెలవుల తర్వాత ఏమైందో, అనూహ్య మారిపోయింది. తన డబ్బాలోది ఎవరికీ పెట్టదు. పుస్తకం అడిగితే ఇవ్వడానికి నసుగుతుంది. ఒక లైను రాసి చెరుపుతుంది, మళ్లీ రాసి మళ్లీ చెరుపుతుంది, కాగితం చిరిగేదాకా. ఆటకు పిలిస్తే రాదు. ఎండలో కూడా స్వెటర్ వేసుకుని, దాని చేతులను వేళ్లదాకా కిందికి లాక్కుంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి, "రవళీ, నేను నీ డబ్బా ముట్టుకోలే గదా?" అంటుంది. ముట్టుకోలేదని చెప్పినా ఊరుకోదు. "నిజంగనే ముట్టుకోలే గదా?" అని మళ్లీ అడుగుతుంది.

ఇవన్నీ రవళి చూస్తూనే ఉంది. కానీ చూసినవాటికి తనకు తోచిన అర్థమే చెప్పుకుంది.

నానమ్మ మొగులమ్మ ఒకసారి ఒక మాట చెప్పింది. ఆమె చిన్నప్పుడు కొందరి ఇళ్లకు కూలికి పోతే చెంబు చేతికిచ్చేవారు కాదట. పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగాలట. వెంకట సాయి నవ్వులో ఆ మాట రవళికి గుర్తొచ్చింది. "సేటు బిడ్డ గదా. నేను ముట్టుకుంటే మైల అనుకుంటోంది" అనుకుంది. అలా అనుకున్నాక ఇక వేరేలా చూడలేకపోయింది.

మరునాడు గేమ్స్ పీరియడ్‌లో రవళే ఒక ఆట మొదలుపెట్టింది. వెనక నుంచి పరుగెత్తుకొచ్చి అనూహ్య చేతిని తాకాలి. "కంపెనీ!" అని అరిచి పారిపోవాలి. అనూహ్య నల్లా వైపు పరుగెడితే గెలిచినట్టు.

ఆట అందరికీ తెగ నచ్చింది. వెంకట సాయికి మరీనూ. తన మీద పడిన నవ్వు ఇంకొకరి మీదికి మళ్లాక రవళికి కాస్త తేలిగ్గా అనిపించింది. అనూహ్య తిట్టలేదు. మేడంకు చెప్పలేదు. "వద్దు రవళీ, ప్లీజ్" అంది, అంతే. ఆ మెత్తదనం చూసి రవళికి కోపం ఇంకా పెరిగింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, నాన్న దండెం మీద ఆరేసిన గుడ్డ గ్లౌజు ఒకటి రవళి కంటపడింది. ముట్టొద్దన్న మాట గుర్తుంది. అందుకే చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని మరీ దాన్ని తీసింది. ఆ కవర్‌లోనే చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

సైన్స్ పీరియడ్‌కు ముందు, మేడం ఇంకా రాక ముందు, అనూహ్య చేతులు రెండూ లాగి ఆ గ్లౌజుతో బరబరా రుద్దింది.

"ఇగ కడుక్కో పో! ఎంతసేపు కడుక్కుంటవో సూస్త!"

అనూహ్యకు వాసన తగిలింది. మొహం పాలిపోయింది. "ఏందే ఇది? యాడిది?"

"కంపెనీది. లోపల తయారు జేసే మందు అంటింది దీనికి." ఆ చివరి మాట అబద్ధం. గ్లౌజుకు ఏం అంటిందో రవళికి తెలియదు. భయపడాలని అనేసింది.

అనూహ్య బెంచీలు గుద్దుకుంటూ బయటికి పరుగెత్తింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

వనజ మేడం వచ్చి పాఠం మొదలుపెట్టింది. బోర్డు సగం నిండింది. బెంచీలో రవళి పక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"అనూహ్య ఎక్కడ? రవళీ, పోయి పిల్చుకురా."

నల్లా దగ్గర ఆయా బక్కమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "అగో, సూడు బిడ్డా! టాంకీల నీళ్లు ఒడుస్తున్నయి, ఈ పిల్ల కడుగుడు ఒడుస్తలేదు. చెప్తె ఇంటలేదు!"

అనూహ్య నేల మీద కూర్చుని ఉంది. గిన్నెలు తోమే ఇనుప పీచుతో అరచేతులు తోముకుంటోంది. స్వెటర్ చేతులు మోచేతుల దాకా పైకి మడిచింది. అన్ని రోజుల్లో ఆ చేతులను రవళి మొదటిసారి సరిగ్గా చూసింది. వేళ్ల సందుల్లో తోలు పగిలి రక్తం వస్తోంది. అవన్నీ ఇవాళ్టి గాయాలు కావు. పాత పగుళ్లున్నాయి. మానుతూ మానుతూ మళ్లీ విచ్చుకున్నవి ఉన్నాయి.

అనూహ్య తలెత్తింది. ఆ మొహంలో కోపం లేదు. "రవళీ, వాసన పోయిందా? జెర సూడవే."

రవళి వంగి చూసింది. "పోయింది."

"నిజంగ?"

"నిజంగనే."

"ఇంకోసారి సూడు."

రవళి ఇంకోసారి చూసింది. పోయిందని చెప్పింది. అనూహ్య ఊపిరి పీల్చుకుంది. అంతలోనే చేతులు మళ్లీ నీళ్ల కిందికి వెళ్లిపోయాయి.

"ఇగ చాలు అనూహ్యా! రక్తమొస్తుంది!"

"తమ్మునికి అంటితే ఎట్లనే?" అంది అనూహ్య. "దసరాకు నేనే సీతాఫలం ఒలిచి పెట్టిన వానికి. తెల్లారేసరికి ఒకటే వాంతులు. దవాఖానల సెలైన్ ఎక్కిచ్చిన్రు. ఏ చేతులతోని పెట్టినవే అని అందరు అడిగిన్రు. నేను ముట్టుకున్నది తింటె ఎవలకన్న ఏమన్నయితది. అందుకే నా డబ్బాల నుంచి నీకు పెడ్తలే. నువ్విచ్చింది గూడ ముట్టుకుంటలే. నా చేతులు మంచియి గావు రవళీ."

రవళి ఇన్నాళ్లూ అనూహ్య తన నుంచి దూరం జరుగుతోందని అనుకుంది. కాదు. తన చేతులనే అందరికీ దూరంగా ఉంచుతోంది. రవళికి ఏమీ కాకూడదనే నల్లా దగ్గరికి పరుగెత్తింది. ఆ చేతులకే తను ఏం చేసింది?

అప్పటికి వనజ మేడం కూడా వచ్చింది. కిటికీల్లో క్లాసు పిల్లల తలలన్నీ కనిపిస్తున్నాయి. మేడం ముందు నల్లా కట్టేసింది. "చేతులకు ఏమైందమ్మా?"

"కంపెనీ మందు అంటింది మేడం" అంది అనూహ్య. ఎవరు రుద్దారో చెప్పలేదు.

రవళి కూడా చెప్పలేదు. నేల చూస్తూ నిలబడింది.

ఫోన్ చేస్తే అనూహ్య అమ్మ రుక్మిణి ఆటోలో వచ్చింది. చంకలో నాలుగేళ్ల కార్తికేయ. కిందికి దింపీ దింపగానే వాడు "అక్కా!" అంటూ ఆఫీస్ రూంలోకి దూసుకొచ్చాడు.

అనూహ్య గోడకు అంటుకుపోయింది. చేతులు వీపు వెనక దాచుకుంది. "రాకు తమ్మీ! రాకు! అమ్మా, వాణ్ణి పట్టుకో! నేను ఇంటికి రాను!"

వాడు ఆగిపోయాడు. పెదవి వణికింది. అక్క ఎందుకు తరుముతోందో వాడికి అర్థం కాలేదు.

ఎవరూ రవళి పేరు చెప్పలేదు. మాట్లాడకపోతే ఇంతటితో పోతుంది. కానీ అనూహ్య ఇంటికి పోనంటోంది.

"నేనే మేడం" అంది. "నేనే రుద్దిన. మా నాయిన గ్లౌజు. లోపలి మందని అబద్ధం చెప్పిన. దానికి ఏమంటిందో నాకు తెల్వదు."

మేడం తిట్టలేదు. "అయితే మీ నాయిననే అడగాలె. నంబర్ చెప్పు" అంది.

శ్రీశైలం గేట్ పాస్ తీసుకుని డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఏ మలుపు దగ్గర రవళి దిగిపోయేదో ఆ మలుపు దాటి, గేటు దాటి, గ్రౌండంతా దాటి నడిచి వచ్చాడు. పిల్లలంతా చూశారు. ఆఫీస్ రూం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "నేను ఈడనే ఉంట మేడం. డ్యూటీ బట్టలు" అన్నాడు.

సంగతంతా విని రవళి వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత అనూహ్యతో మెత్తగా చెప్పాడు. "భయపడకు బిడ్డా. ఖాళీ డ్రమ్ములు లారీకి ఎక్కియ్యనీకి ఏసుకునే గ్లౌజులు గవి. ప్లాంటు లోపటికి తీస్కపోము. ఉతికి ఆరేసినయే. వాసనొస్తది, గంతే."

అనూహ్య భుజాలు కిందికి దిగాయి. "నిజంగ ఏం లేదా అంకుల్?"

"లేదు బిడ్డా."

"తమ్మునికి ఏం గాదా?"

"ఏం గాదు."

"ఒకవేళ జెరంత ఉంటే?"

శ్రీశైలం ఇంకోసారి చెప్పాడు. అనూహ్య ఇంకోసారి అడిగింది. ఆయన మేడం వైపు చూశాడు.

వనజ మేడం రుక్మిణిని పక్కకు పిలిచింది. "చూసిన్రా అమ్మా? ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు సరిపోతలేదు. ఇది చేతుల మురికి గాదు. మనసుల భయం గట్టిగ పట్టుకున్నది. జ్వరం లెక్క ఇది గూడ ఒక జబ్బే. చూసే డాక్టర్లున్నరు."

"మా పిల్లకు పిచ్చేం లేదు మేడం!" రుక్మిణి గొంతు తగ్గించింది. "జెర శుభ్రం ఎక్కువ, గంతే. బయట గిట్ల అనకున్రి. షాపుకు నలుగురొస్తరు."

"పిచ్చని నేను అనలే. ఒక్కసారి ఆ చేతులు చూడున్రి."

రుక్మిణి కూతురి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అట్లాగే కుర్చీలో కూలబడింది. "సబ్బులు ఊకె ఒడుస్తున్నయని తిట్టిన గని, చేతులు సూడలే మేడం. నేనెట్ల సూడలే?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం బట్టలు మార్చుకుని వచ్చిన నాన్న బండెక్కింది రవళి. ఇల్లు దగ్గరపడ్డాక ఆయన బండి పక్కకు ఆపాడు.

"నా బట్టల వాసన నీకు నామోషీ అని నాకు ఎరుకే. మలుపు కాడ దిగుతవ్ గదా. దిగు, నేనేమన్లే. నేను గూడ ఇంట్లకు ఎనక దిక్కు నుంచే వస్త. గని ఒక పిల్లను భయపెట్టనీకి నా గ్లౌజే దొరికిందా బిడ్డా నీకు?"

కొడితే బాగుండు అనిపించింది రవళికి. ఆయన కొట్టలేదు. బండి స్టార్ట్ చేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు అనూహ్య బడికి రాలేదు. అమ్మ ఏదైనా తెమ్మని పంపితే రవళి చౌరస్తా షాపు దాకా పోయి, రుక్మిణి కనబడగానే వెనక్కి తిరిగి, దూరంగా ఉన్న ఇంకో షాపుకు పోయేది. చివరికి ఒక ఆదివారం వెనక్కి తిరగకుండా కౌంటర్ ముందు నిలబడింది.

"ఏం గావాలె?" అని అడిగింది రుక్మిణి.

"ఏం వద్దు ఆంటీ. అనూహ్యకు సారీ చెప్పనీకి వచ్చిన."

రుక్మిణి తూకం ఆపింది. "ఎందుకట్ల జేసినవ్? ఒకే డబ్బాల తింటుండిరి గదా మీరు."

రవళి కళ్లు దించుకుంది. "నేను ముట్టుకుంటే మైల అనుకుంటుందేమో అనుకున్న."

రుక్మిణి కౌంటర్ మీద లేని దుమ్మును కాసేపు తుడిచింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. "సంగారెడ్డిల డాక్టర్ దగ్గరికి పోతున్నం. అది అడిగినప్పుడల్లా 'ఏం గాదు, ఏం గాదు' అని చెప్పొద్దంట. చెప్పినకొద్దీ భయం ఇంకా అడుగుతదంట. కడుక్కోకుండ జెరసేపు ఆగాలె. ఆగేదాంక మనం పక్కన ఉండాలె. మస్తు కష్టమైతుంది బిడ్డా, దానికీ, మాకూ. సోమవారం బడికొస్తది. అప్పుడు నువ్వే చెప్పు సారీ."

సోమవారం అనూహ్య వచ్చింది. చేతులకు తెల్లటి మలాం రాసి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక బెంచీ నుంచి "కంపెనీ..." అని సన్నగా వినిపించింది. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

రవళికి పదిమందిలో నిలబడి మాట్లాడడమంటే భయం. అయినా లేచింది.

"గా ఆట నేను పెట్టిన. తప్పు నాది. ఇగ ఎవ్వలు ఆడొద్దు."

"ఓహో, పెద్ద లీడర్ వచ్చిందిరో!" అన్నాడు వెంకట సాయి.

"మీ నాయిన యాడ పని జేస్తడురా?" అంది రవళి.

వాడి నాన్న కూడా కంపెనీలోనే చేస్తాడు. ఆ క్లాసులో చాలామంది నాన్నలు అంతే. వాడు పుస్తకం తెరిచి అందులోకి తల దూర్చాడు.

రవళి కూర్చుంది. "సారీ అనూహ్యా" అంది. బెంచీ కేసి చూస్తూనే అంది. అనూహ్య "ఊఁ" అంది.

రిపబ్లిక్ డే దగ్గరపడింది. ఆరో తరగతికి కాగితం జెండాలు అంటించే పని వచ్చింది. పురికొస దారానికి మైదా గంజి రాసి, మూడు రంగుల కాగితాలను వరసగా మడిచి అంటించాలి. చేతులు జిగటజిగట అవుతాయి. మేడం ఎవరినీ బలవంతం చేయలేదు. అనూహ్య తనే వచ్చి గంజి గిన్నె ముందు కూర్చుంది. రవళి దారం పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

ఒక జెండా అంటించింది అనూహ్య. రెండోది అంటించింది. మూడోదానికి వేళ్లు గాలిలోనే ఆగిపోయాయి.

"రవళీ, ఇయి ఒకటో తరగతి పిల్లల క్లాసుల కడ్తరంట. వాళ్లు ముట్టుకుంటరు. ఏం గాదు గదా?"

'ఏం గాదు' అన్న మాట రవళి నాలుక చివరి దాకా వచ్చింది. అది చెప్పడం ఎంత సులువో! చెబితే అనూహ్య మొహం ఇప్పుడే విప్పారుతుంది. ఆ తర్వాత మళ్లీ అడుగుతుంది.

రవళి ఆ మాట మింగేసింది. "భయమైతుందా?" అంది.

"మస్తు."

"నేను ఈడనే ఉంట."

అనూహ్య నల్లా వైపు చూసింది. లేవబోయినట్టు ఒక మోకాలు పైకి లేచింది. రవళి ఆమె చెయ్యి పట్టి ఆపలేదు, తొందర పెట్టలేదు. దారం వదలకుండా కూర్చుంది. ఎదురుగా అనూహ్య వేళ్ల మీద మానిన మచ్చలు సన్నటి గీతల్లా కనబడుతున్నాయి. రవళికి చూపు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

గ్రౌండ్‌లో పెద్ద పిల్లలు మార్చ్ చేస్తున్నారు. వాళ్లు అటు చివరికి పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయారు. గిన్నెలో గంజి పైన మీగడ కట్టింది.

అనూహ్య మోకాలు మెల్లగా కిందికి దిగింది. గంజి అంటిన వేళ్లను ఒకసారి చూసుకుంది. వాటిని తుడుచుకోలేదు.

"దారం జెర బిగ్గ పట్టవే" అంది.

రవళి బిగ్గ పట్టింది.